పెద్దాసుపత్రి ఓపీ: వరసలో వరస కలిపి పూట మిగుల్చుకోవడం ఎలా

తెల్లారి ఆరింటికి బయల్దేరి, సాయంత్రం నాలుగింటికి మందుల కవరుతో బయటపడి, "డాక్టరు చూసింది మూడు నిమిషాలు" అని ఉసూరుమనడం గాంధీకో, ఉస్మానియాకో, విశాఖ కేజీహెచ్‌కో, తిరుపతి రుయాకో, వరంగల్ ఎంజీఎంకో వెళ్లొచ్చిన ఇళ్లలో మామూలే. ఆ పది గంటల్లో నిజంగా తప్పనివి సగమే. మిగతావి ఒక వరస పూర్తయ్యాక గానీ రెండో వరస మొదలెట్టకపోవడం వల్ల పోయినవి.

ఓపీలో వరసలు ఆరు. చీటీ, డాక్టరు, రక్తం, ఎక్స్‌రే లేదా స్కానింగు, రిపోర్టు, మందులు. వీటికి తోడు ఒంటి ఎదురుచూపులు ఉంటాయి. పరగడుపున 8 గంటలు, తిన్నాక 2 గంటలు, మూత్రాశయం నిండడానికి గంట. ఒంటి ఎదురుచూపుని కౌంటరు ఎదురుచూపులో ఇరికించేయగలిగితే సగం రోజు చేతికొస్తుంది. కింద రాసిందంతా షుగరు, బీపీ ఉన్న ఇంటి పెద్దని తీసుకెళ్లే మనిషి కోసం. మిగతా జబ్బులకి పరీక్షల పేర్లు మారతాయి, పద్ధతి ఇదే.

వరసలో నిలబడకూడని వాళ్లు

ఛాతీలో బరువుగా నొప్పి వచ్చి చేతికో దవడకో పాకుతున్నా, మూతి పక్కకి పోయినా, మాట ముద్దగా వస్తున్నా, ఒక పక్క చెయ్యీ కాలూ పట్టు తప్పినా, ఊపిరాడకపోయినా, పాము కరిచినా, గర్భిణికి రక్తం పోతున్నా ఓపీ చీటీ జోలికి వెళ్లకండి. నేరుగా క్యాజువాలిటీకే. ఇంటి దగ్గరుంటే 108. మెదడులో రక్తం గడ్డకట్టి వచ్చిన పక్షవాతానికి గడ్డ కరిగించే ఇంజెక్షను లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి, అదీ తల స్కాను తీశాకే. చీటీ కోసం నిలబడిన ప్రతి నిమిషమూ అందులోంచే తరుగుతుంది. ఓపీ వరసలో ఉండగానే ఇలాంటిది మొదలైతే మీ వంతు దాకా ఆగకుండా దగ్గర్లో ఉన్న సిస్టరుకి చెప్పండి.

రెండు మూడు రోజుల ముందు

మొదట రోజు చూసుకోండి. బోధనాసుపత్రుల్లో మెడిసిన్, సర్జరీ, ఆర్థో లాంటి విభాగాలు యూనిట్లుగా నడుస్తాయి. ఒక్కో యూనిట్‌కి వారంలో కొన్ని రోజులే ఓపీ, మిగతా రోజులు వార్డులూ ఆపరేషన్లూ. పాత చీటీ మీద యూనిట్ నంబరో, యూనిట్ చీఫ్ పేరో ఉంటుంది. ఆ యూనిట్ రోజునే వెళ్లండి. వేరే రోజు వెళ్తే కొత్త డాక్టరు కథంతా మొదటినుంచి అడుగుతారు, చేయించిన పరీక్షలే మళ్లీ రాయొచ్చు, లేదంటే "మీ యూనిట్ గురువారం, అప్పుడు రండమ్మా" అని పంపేయొచ్చు. మీ యూనిట్‌కి రెండు రోజులుంటే సోమవారాన్నీ, పండగ సెలవు మర్నాటినీ వదిలేయండి. మూసి ఉన్న రోజు జనం కూడా ఆ రోజే వచ్చి పడతారు.

పరీక్షల కాగితం ముందే చేతిలో ఉంటే వాటిని పెద్దాసుపత్రిలోనే చేయించాలని లేదు. తెలంగాణలో బస్తీ దవాఖానాలో, పీహెచ్‌సీలో శాంపిల్ ఇస్తే తెలంగాణ డయాగ్నొస్టిక్స్ ల్యాబుకి పంపి ఉచితంగా చేస్తారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ పీహెచ్‌సీల్లో, పట్టణ ఆరోగ్య కేంద్రాల్లో షుగరు, హిమోగ్లోబిన్, మూత్రం లాంటి మామూలు పరీక్షలు జరుగుతాయి. ఇంటి పక్కన అరగంటలో అయ్యేదానికి పెద్దాసుపత్రి ల్యాబు ముందు రెండు గంటలు ఎందుకు? ఆరు వరసల్లో రెండు అక్కడికక్కడే ఎగిరిపోతాయి.

ఆభా నంబరు, అంటే కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య ఖాతా నంబరు, ఇంట్లోనే తీసి పెట్టుకోండి. 14 అంకెలుంటుంది. చాలా ఆసుపత్రుల్లో ఓపీ కౌంటరు దగ్గర గోడ మీద క్యూఆర్ కోడ్ అతికించి ఉంటుంది. ఆభా యాప్‌తో స్కాన్ చేసి వివరాలు పంపితే టోకెన్ నంబరు వస్తుంది. పేరూ ఊరూ చెప్పి టైపు చేయించే పని తప్పుతుంది. 2022 అక్టోబరు నుంచి ఉన్న ఏర్పాటే ఇది. ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది. ఫోను కొడుకుది, యాప్‌లో ఆభా కొడుకుది, జబ్బు తల్లిది. స్కాన్ కొట్టగానే చీటీ కొడుకు పేరున వస్తుంది! పేషెంటు ఆభాని విడిగా తీసి, యాప్‌లో ఆ పేరు తెరిచి ఉంచాకే స్కాన్ చేయండి.

సంచిలో ఇవి ఉండాలి. పాత రిపోర్టులు, కొత్తది పైకి వచ్చేలా. ఆధార్, ఆరోగ్యశ్రీకి (ఏపీలో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) పనికొచ్చే కార్డు, రెండేసి జిరాక్సులు. వాడుతున్న మాత్రల స్ట్రిప్పులు, పేరు ఉన్న వైపు కత్తిరించకుండా. "పొద్దున ఒక పచ్చమాత్ర, రాత్రికి సగం తెల్లది" అంటే ఏ డాక్టరుకీ అర్థం కాదు. పెన్ను, చిల్లర, నీళ్లు, టిఫిన్ డబ్బా, చిన్న పొట్లంలో చక్కెర, కింద కూర్చోవడానికి తువ్వాలు, ఛార్జరు. చంటిపిల్లల్ని తీసుకురావద్దు.

వెళ్లాల్సింది ఇద్దరు. ఒకరు వరసకి, ఒకరు పేషెంటు పక్కన. ఒక్కరే వెళ్తే ఇక్కడ రాసినదాంట్లో సగం పనికిరాదు. నలుగురు వెళ్తే పనికొచ్చేదేమీ పెరగదు, గుమ్మం దగ్గర తొక్కిసలాట తప్ప.

ముందు రోజు రాత్రి

భోజనం తొమ్మిదికల్లా ముగించాలి. పరగడుపు షుగరుకి కనీసం 8 గంటలు, కొలెస్ట్రాల్ కూడా రాసుంటే 9 నుంచి 12 గంటలు ఖాళీ కడుపు కావాలి. తొమ్మిదికి తిని పొద్దున ఏడున్నరకి రక్తమిస్తే రెండూ సరిపోతాయి. ఏడింటికే తినేసి, వరస కదలక తొమ్మిదిన్నరకి ఇస్తే పద్నాలుగు గంటలు దాటుతుంది. అంత ఎక్కువైనా లెక్క చెడుతుంది, పెద్దవాళ్లు సొమ్మసిల్లుతారు.

మంచినీళ్లు తాగొచ్చు, తాగాలి కూడా. నీళ్లు తాగని వాళ్లకి నరం దొరకదు. చక్కెర వేయని కాఫీ అయినా వద్దు. బీడీ, ఖైనీ, పాన్, పొద్దుటి నడక ఆ రోజుకి మానాలి. బీపీ మాత్ర డాక్టరు వద్దనకపోతే రోజూ వేసుకునే వేళకే నీళ్లతో వేసుకోవచ్చు. థైరాయిడ్ పరీక్ష ఉంటే ఆ మాత్ర రక్తం ఇచ్చాక. షుగరు మాత్ర, ఇన్సులిన్ మాత్రం రక్తం ఇచ్చి, తిండి ఎదురుగా పెట్టుకున్నాకే. గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర వేసుకుని ఖాళీ కడుపుతో వరసలో నిలబెడితే షుగరు పడిపోతుంది. చెమటలు, వణుకు, ఆకలి, మాట తడబాటు కనిపిస్తే పరీక్ష సంగతి వదిలేయండి. అరగ్లాసు నీళ్లలో మూడు టీస్పూన్ల చక్కెర, అంటే దాదాపు 15 గ్రాములు కలిపి తాగించండి. 15 నిమిషాలకి తేరుకోకపోయినా, చూస్తే ఇంకా 70 లోపే ఉన్నా మళ్లీ అంతే. మగతగా ఉన్న మనిషి నోట్లో మాత్రం ఏదీ పోయొద్దు, క్యాజువాలిటీకి ఎత్తుకెళ్లండి.

మూడు నెలల షుగరు, అంటే హెచ్‌బీఏ1సీ ఒక్కటే రాసి ఉంటే పస్తు అక్కర్లేదు. ఇది తెలియక పొద్దున్నుంచి నీరసంగా గోడకి ఆనుకుని కూర్చునేవాళ్లు ప్రతి ల్యాబు ముందూ కనిపిస్తారు.

పొద్దున: ఏది ముందు

పరీక్షల కాగితం ఉంటే మొదటి వరస ల్యాబుదే. ల్యాబువాళ్లు ఆ రోజు ఓపీ నంబరు కావాలంటే, ఇద్దరిలో ఒకరు చీటీ వరసలో, ఒకరు పేషెంటుతో ల్యాబు దగ్గర ఉండండి. చీటీ మీద పేరు ఆధార్‌లో ఉన్నట్టే పడిందో లేదో కౌంటరు వదలకముందే చదవండి. ఒకచోట వెంకటలక్ష్మి, ఇంకోచోట వెంకటలక్ష్మమ్మ అని ఉంటే డాక్టరు పట్టించుకోరు గానీ, రేపు ఆపరేషనుకి ఆరోగ్యశ్రీ అనుమతి పెట్టాల్సి వచ్చినప్పుడు ఆ ఒక్క అక్షరం దగ్గరే కాగితం ఆగుతుంది.

ల్యాబు కూడా ఒకటి కాదు. షుగరు, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), కొలెస్ట్రాల్ బయోకెమిస్ట్రీకి. రక్తకణాల లెక్క పాథాలజీకి. క్రిమిని పెంచి చూసే కల్చరు మైక్రోబయాలజీకి. చాలాచోట్ల ఒక్కోదానికి ఒక్కో ఫారం, ఒక్కో కిటికీ. మూడు రకాల పరీక్షలు ఒకే కాగితం మీద రాయించుకొస్తే రెండో కిటికీ దగ్గర "విడిగా రాయించుకురండి" అంటారు. మళ్లీ డాక్టరు వరస. ఈ జాగ్రత్త డాక్టరు గదిలోనే పడాలి.

రక్తం ఇచ్చిన వెంటనే టిఫిను. తిన్నాక షుగరుకి రెండు గంటల లెక్క మొదలయ్యేది మొదటి ముద్దతో, చెయ్యి కడుక్కున్నప్పుడు కాదు. ఆ టైము చీటీ వెనక రాయండి. పావుగంటలో తినడం అయిపోవాలి. రోజూ తినేదే, రోజూ తినేంతే తినాలి. మూడిడ్లీలు తినే మనిషి రిపోర్టు బాగా రావాలని రెండు బిస్కెట్లతో సరిపెడితే ఆ అంకె ఆయనది కాదు. దాన్ని చూసి మందు తగ్గిస్తే నష్టపోయేదీ ఆయనే. రోజూ వేసుకునే మాత్ర, ఇన్సులిన్ కూడా రోజూ లాగే తీసుకోవాలి. ఆ మందు ఈ తిండిని ఎంతవరకు అదుపు చేస్తోందనేదే కదా చూడాల్సింది. మధ్యలో టీ తాగితే పరీక్ష పోయినట్టే.

గడియారంలో పెట్టి చూడండి. ఏడున్నరకి మొదటి రక్తం. 7:45కి మొదటి ముద్ద. తొమ్మిదికి డాక్టర్లు కూర్చునేసరికి మీరు గది ముందున్నారు. 9:35కి పేషెంటు ఒక మనిషితో ల్యాబుకి, రెండో మనిషి వరసలోనే. 9:45కి రెండో రక్తం. పదికి మళ్లీ వరసలోకి. రెండు గంటల ఎదురుచూపు డాక్టరు వరసలో కలిసిపోయింది. వంతు సరిగ్గా 9:40కి వచ్చేలా ఉంటే వెనకవాళ్లకి చోటిచ్చి ల్యాబుకే వెళ్లండి. రెండో రక్తం ఓ ఐదు నిమిషాలు అటూఇటూ అయితే కొంపలేం మునగవు, అరగంట జరిగితే ఆ అంకెకి అర్థం ఉండదు.

గర్భిణులకి లెక్క వేరు. తిన్నా తినకున్నా 75 గ్రాముల గ్లూకోజ్ 300 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి ఐదు పది నిమిషాల్లో తాగిస్తారు. రెండు గంటలకి రక్తం. 140 గానీ, అంతకంటే ఎక్కువ గానీ వస్తే గర్భంతో వచ్చిన షుగరు కింద చూస్తారు. తాగిన అరగంటలోపు వాంతైతే ఆ రోజుకి పరీక్ష లేదు, మర్నాడు రావాలి. కాబట్టి గుక్కగుక్కగా, నీడలో కూర్చోబెట్టి తాగించండి.

స్కానింగు ఉన్న రోజు

పొట్ట పైభాగం స్కానింగుకి ఆరు గంటలు ఏమీ తినకూడదు. తింటే పిత్తాశయం ముడుచుకుపోయి అందులో రాయి ఉందో లేదో తెలియదు. అందుకని తిన్నాక షుగరూ, పొట్ట స్కానింగూ ఒకే పూట పెట్టుకోవద్దు. పదకొండింటికి స్కానింగు గది ముందు "ఏమన్నా తిన్నావా పెద్దాయనా?" అని అడిగి వెనక్కి పంపేది ఈ రెండిటినీ ఒకే పూట పెట్టుకున్నవాళ్లనే.

కింది పొట్ట, గర్భసంచి, ప్రోస్టేటు చూడాలంటే మూత్రాశయం నిండి ఉండాలి. గంట ముందు ముప్పావు లీటరు నుంచి లీటరు నీళ్లు, నెమ్మదిగా. వరసలోకి వెళ్లగానే తాగేసి, ముందు నలభై మంది ఉన్నారని తర్వాత తెలుసుకుంటే అంతసేపు ఆపుకోవడం ఎవరి తరమూ కాదు. ఆగలేక వెళ్లొస్తే మళ్లీ గంట. ముందు లెక్కెట్టండి, పది పన్నెండు మంది మిగిలాక సీసా మూత తీయండి. ప్రోస్టేటు సమస్య ఉన్న మగవాళ్లకి ఒకసారి చూసి, మూత్రానికి వెళ్లొచ్చాక మళ్లీ చూస్తారు. మొదటిసారి కాగానే అయిపోయిందని ఇంటికి వచ్చేయొద్దు. గుండె, కిడ్నీ జబ్బుకి నీళ్లు కొలిచి తాగమన్నవాళ్లు డాక్టరుని అడక్కుండా లీటరు తాగకూడదు.

మందు ఎక్కించి తీసే సీటీ స్కానుకి ముందు క్రియాటినిన్ రిపోర్టు అడుగుతారు. ఆ మందు కిడ్నీ మీద పడుతుంది గనక. సీటీ రాసిన రోజే క్రియాటినిన్ కూడా రాయించుకుని అదే పూట రక్తం ఇచ్చేస్తే ఒక రోజు మిగులుతుంది. ఎంఆర్‌ఐలో ఒక్కో మనిషికి అరగంట పైనే పడుతుంది. అక్కడ ఎంత బతిమాలినా అదే రోజు కాదు, తేదీ తీసుకుని వచ్చేయడమే.

రిపోర్టు ఎందుకు ఆలస్యం

ఎర్రమూత, పసుపుమూత గొట్టాల్లో పోసిన రక్తం ముందు గడ్డ కట్టాలి. దానికి అరగంట. తర్వాత గిర్రున తిప్పి పైన తేరిన సీరం తీయడానికి పది నిమిషాలు. ఆ తర్వాతే మిషను. అంటే మీరొక్కరే పేషెంటు అయినా గంట పడుతుంది. ఊదామూత గొట్టం గడ్డ కట్టనక్కర్లేదు, రక్తకణాల లెక్క అందుకే తొందరగా వస్తుంది. బూడిదరంగు మూత షుగరుది. గొట్టంలో ఉన్నా రక్తకణాలు చక్కెరని తింటూనే ఉంటాయి కాబట్టి దాన్ని అరికట్టే ఉప్పు అందులో ఉంటుంది. ఇక కల్చరుకి రెండు మూడు రోజులు పడుతుంది, క్రిమి పెరగాలి కదా. ఒంట్లోంచి ముక్క తీసి చూసే బయాప్సీకి వారం అనుకోండి. వీటికోసం కిటికీ దగ్గర కాపు కాయకండి, తేదీ అడిగి రండి.

రిపోర్టు చేతికి రాగానే పేరు, వయసు, ఓపీ నంబరు మూడూ చూడండి. రోజుకి వందల గొట్టాలు తిరిగే చోట ఒకే పేరున్నవాళ్లు ఇద్దరు ఉండటం వింత కాదు.

వరస లెక్క, వరస మర్యాద

గది ముందు అరవై మంది కనిపిస్తే గుండె జారిపోతుంది. మనుషుల్ని కాదు, చీటీల్ని లెక్కెట్టండి. ఒక్కో పేషెంటుకి ఇద్దరు తోడుంటే అక్కడున్నవి ఇరవై చీటీలే. తర్వాత పావుగంటలో గదిలోంచి ఎన్ని చీటీలు బయటికొచ్చాయో చూడండి. ఆరు వస్తే, మీ ముందు నలభై ఉంటే, మీకు 100 నిమిషాలు. ఈ అంకె తెలిస్తే ల్యాబుకి వెళ్లొచ్చో లేదో, పెద్దావిడని ఎక్కడ కూర్చోబెట్టాలో తేలిపోతుంది. ఎప్పుడొస్తుందో తెలియని గంట కంటే తెలిసిన రెండు గంటలు నయం. వరస ఉన్నట్టుండి ఆగిందంటే లోపల ఖాళీగా కూర్చున్నారని కాదు. వార్డు నుంచి పిలుపు వచ్చి పీజీ డాక్టరు ఒకరు వెళ్లుంటారు. వేగం సగమైందనుకుని మళ్లీ లెక్కేసుకోండి.

వరస వదిలి వెళ్లేటప్పుడు వెనకవాళ్లకి ఒక్కళ్లకే చెప్తే చాలదు. మీరొచ్చేసరికి వాళ్లు కూడా టీకి వెళ్లి ఉండొచ్చు. ముందు ఒకరికీ, వెనక ఒకరికీ చెప్పండి. "అన్నా, మా అమ్మని ల్యాబుకి తీసుకెళ్లి పది నిమిషాల్లో వస్తా, మీ వెనక నేనే." పది నిమిషాలని చెప్పి గంటకొస్తే మాత్రం తగువుకి సిద్ధపడాలి, అందులో న్యాయం వాళ్లదే. చెప్పులూ సంచులూ పెట్టి వెళ్లిపోతే కాళ్లతో జరిపేస్తారు. వృద్ధులకీ వికలాంగులకీ వేరే కౌంటరు ఉంటే ముందే అడగండి. బోర్డు తలుపు చాటున ఉంటుంది, ఎవరూ పిలిచి చెప్పరు.

పెద్దవాళ్లని గంటల తరబడి కాళ్లు వేలాడేసి కూర్చోబెడితే పాదాలు వాస్తాయి. అరగంటకోసారి మడమలు పైకీ కిందికీ పదిసార్లు ఆడించమనండి, నాలుగడుగులు వేయించండి. ఊపిరితిత్తుల ఓపీ దగ్గరైతే మాస్కు తీయనివ్వకండి.

డాక్టరు ముందు

దొరికేది రెండు మూడు నిమిషాలు. మొదటి వాక్యంలోనే బాధ, ఎన్నాళ్లుగా, ఏం వాడారు, మూడూ పడాలి. "సార్, మూడు వారాలుగా ఎడమ మోకాలి నొప్పి, మెట్లెక్కితే ఎక్కువ, ఈ మాత్ర పది రోజులు వేసుకుంది" అంటూ స్ట్రిప్పు చూపించండి. రిపోర్టులు కవర్లోంచి ముందే తీసి పట్టుకోండి. జిప్పు తీసి వెతకడంలోనే ఒక నిమిషం పోతుంది.

లేచే ముందు నాలుగు సంగతులు చూసుకోవాలి. మందుల చీటీ మీద సంతకం, అక్కడ ముద్ర కూడా అడుగుతారంటే ముద్ర. లేకపోతే మందుల కిటికీ నుంచి మళ్లీ ఇక్కడికే పంపుతారు. మందు ఎన్ని రోజులకి. మళ్లీ రావాల్సిన తేదీ. వచ్చేసారి పరీక్షలు, ఇప్పుడే, వేర్వేరు ఫారాల మీద. "సార్, వచ్చే నెలకి పరీక్షలు కూడా ఇప్పుడే రాసివ్వండి, ముందే చేయించుకుని వస్తాం" అంటే కాదనేవాళ్లు అరుదు, వాళ్ల పనీ తగ్గుతుంది.

పేషెంటు డాక్టరు గదిలో ఉన్నప్పుడే రెండో మనిషి మందుల కిటికీ దగ్గర వరసలో ఉంటే ఆఖరి అరగంట కూడా మిగులుతుంది. మాత్రలు చేతికి రాగానే కిటికీ పక్కకి జరిగి, చీటీలో ఉన్న పేరూ మిల్లీగ్రాములూ స్ట్రిప్పు మీద ఉన్నాయో లేదో, గడువు తేదీ దాటిందో లేదో చూడండి. రోజుకి రెండు చొప్పున ముప్పై రోజులంటే అరవై, లెక్కెట్టండి. ఏదైనా "స్టాకు లేదు" అంటే చీటీ మీద ఆ మందుకి గుర్తు పెట్టించుకోండి, బయట కొనాల్సింది అదొక్కటే. తిరిగి రమ్మన్న తేదీ మీ యూనిట్ ఓపీ రోజున పడిందో లేదో గోడ మీది బోర్డుతో సరిచూసుకుని కదలండి.